నాలుగు వందల పదిహేడో నంబరు

పొద్దున్నే టీ కప్పుల మధ్య పళ్ళ అచ్చు పెట్టుకుని టిఫిన్ చేసే ఇల్లు ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు. ఆ ఇంట్లో మాత్రం అది ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. ఇంటాయన డాక్టరు కాదు. డాక్టర్లు రోగుల నోటి కొలత తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీసి, ఆ అచ్చు మీద కట్టుడు పళ్ళూ, క్యాపులూ, నిద్రలో పళ్ళు నూరేవాళ్ళు రాత్రిపూట పెట్టుకునే ప్లేట్లూ తయారుచేసే పనివాడు. వీధి మొత్తం ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటుంది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన పైకి విసుక్కుంటాడు, లోపల మురిసిపోతాడు.

అచ్చుల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. రోజుకో అచ్చు తెచ్చి టేబుల్ మీద పెట్టి, ఆ నోటి జాతకం చెప్పడం మేస్త్రికి సరదా. "ఈయన టైలరు. ముందు పళ్ళలో గాడి చూడు, దారం కొరికి కొరికి పడింది." "ఈ పిల్ల పరీక్షలప్పుడు పెన్ను నములుతుంది." చాలాసార్లు నిజమే అయ్యేది. కూతురు చిన్నప్పుడు ఈ ఆట కోసమే అలారం లేకుండా లేచేది. ఇప్పుడు కాలేజీ మూడో ఏడు. ఈ మధ్య ఆ ఆట అంటేనే దానికి చిరాకు.

"ఇదిగో, మన మహానుభావుడు మళ్ళీ వచ్చాడు," అంటూ ఆ ఉదయం మేస్త్రి అచ్చుని చక్కెర డబ్బా పక్కన పెట్టాడు. "నాలుగు వందల పదిహేడు."

భార్య టీ పోస్తోంది. కప్పులో టీ తొణకలేదు. ఏం విన్నా తొణకకుండా పని చేసుకుపోవడం ఆమెకి ఉద్యోగం నేర్పిన విద్య.

"చూడు ఈ దవడ పళ్ళు. వీటి మీద గుట్టలుండాలి కదా, ఒక్కటి మిగల్లేదు. గచ్చులా చదును చేసి పారేశాడు. కోరపళ్ళకి మొనలే లేవు. మొదట మెత్తటి ప్లేటు చేసిస్తే రెండు నెలల్లో చిల్లులు పెట్టాడు. తర్వాత గట్టిది చేశాను. మూడు నెలలకి నిలువునా చీల్చాడు. ఇప్పుడు మూడోది. ఇది కూడా విరిగితే ప్లేట్ల పని వేరేవాళ్ళకి ఇస్తానని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది."

"తినే దగ్గర ఎందుకు నాన్నా అవన్నీ," అంది కూతురు.

"రోజూ చూసేదేగా. వీడెవడో పగలంతా ఎవడి దగ్గరో చేతులు కట్టుకుని నిలబడేవాడై ఉంటాడు. రాత్రయ్యేసరికి పళ్ళు పటపటలాడిస్తాడు. నాకు వీడి మీద కోపం లేదు. వీడి పక్కన పడుకునేవాళ్ళని తల్చుకుంటేనే జాలేస్తుంది. ఆ చప్పుడుకి మనిషన్నవాడెవడైనా ఇల్లు వదిలి పారిపోవలసిందే."

భార్య రొట్టె ముక్కని టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, ఎడమ దవడన పెట్టుకుంది. కుడివైపు నమిలి ఆరు నెలలు దాటింది. నాలుగు వందల పదిహేడో నంబరు ఆమే.

ఆ సంగతి ఆ టేబుల్ దగ్గర తల్లికి తెలుసు, కూతురికి తెలుసు. పక్కన పడుకునే ఆయనకి ఒక్కడికే తెలియదు. ముప్పై ఏళ్ళుగా నూరే మిషను ముందు కూర్చుని మేస్త్రికి చెవుల్లో రొద పట్టుకుంది. చిన్న చప్పుడుకే నిద్ర చెడుతోందని రాత్రిళ్ళు చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టుకుని పడుకుంటాడు. ఆయన పక్కన బాంబు పేలినా లేవడు. గోడ అవతల పడుకునే కూతురు మాత్రం రెండేళ్ళుగా తల్లి పళ్ళు నూరే చప్పుడు వింటోంది. దాని బలవంతం మీదే ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. "మా ఆయనకి తెలియకూడదు," అని మొదటి రోజే చెప్పింది. రోగుల సంగతి బయటపెట్టడం ఎలాగూ మా పద్ధతి కాదమ్మా అని డాక్టరమ్మ నంబరు వేసి పంపించింది.

చెప్పకపోవడానికి కారణముంది. రెండేళ్ళ కిందట ఒకరోజు, పొద్దున్న లేస్తే దవడ పట్టేస్తోందని మేస్త్రితోనే చెప్పింది. ఆయన చేతిలో మైనం, కంటికి భూతద్దం. తలెత్తకుండానే, "నోరు కాస్త తక్కువ వాడు, అదే పోతుంది," అన్నాడు. పనికి తిరిగిపోయాడు. ఆ మాట ఆమె లోపల ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన అచ్చుల ఆటలో తన నోరు కూడా ఒక నవ్వులాట అవుతుందని భయం వేసింది. అదే అయింది.

అయినా ఆమె మనసులో ఒక పిచ్చి ఆశ ఉంది. ప్లేటు ఎవరైనా చేస్తారు. కానీ ఈయన ఆ అచ్చుని చేతిలోకి తీసుకుని, ఇది నా పెళ్ళాం నోరు అని గుర్తుపట్టాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమాత్రం కోరడం తప్పా? ప్రతిసారీ ఆ అచ్చు ఆయన అరచేతిలో తిరుగుతుంటే కళ్ళార్పకుండా చూసేది. ఆయన మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండా ప్లాస్టరు జాతకం చదివేవాడు.

"మూడోది ఎప్పుడిస్తారు?" అంది మామూలుగా.

"సాయంత్రానికి పూర్తవుతుంది. రెట్టింపు మందం పోస్తున్నాను. ఇది విరగ్గొట్టాలంటే సుత్తి కావాలి."

ఆమె ఆఫీసు నీళ్ళ సరఫరా వాళ్ళది. ఆమె పని ఫిర్యాదుల ఫోను ఎత్తడం. నీళ్ళు రాకపోయినా, మురికిగా వచ్చినా, పైపు పగిలి వాకిలి చెరువైనా తిట్లు తినేది ఆ వరసలో కూర్చున్న ఆరుగురే. ఆ ఆరుగురికీ రెండు రూళ్ళు. గొంతు పెంచకూడదు. తాము ముందుగా ఫోను పెట్టేయకూడదు, అవతలివాళ్ళే పెట్టేయాలి.

"మీరంతా మనుషులేనా?" ఆ రోజు పదకొండింటికి ఒకాయన మొదలుపెట్టాడు. "మూడు రోజులుగా బిందె నీళ్ళు లేవు. నువ్వు స్నానం చేసే వచ్చావా ఆఫీసుకి? చెప్పు, చేశావా లేదా?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం."

"చిలక పలుకులు పలక్కు. చేశావా లేదా?"

ఆమె ఇంట్లో కూడా రెండు రోజులుగా నీళ్ళు సన్నగానే వస్తున్నాయి. ఆ మాట చెప్పకూడదు. ఫోను మీద అతికించిన పసుపు చుక్కకేసి చూసింది. ఆ చుక్కలు డాక్టరమ్మ ఇచ్చినవి. చుక్క కనబడినప్పుడల్లా పళ్ళు బిగిసున్నాయేమో చూసుకోవాలి. పెదవులు కలిపి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. పగలు బిగించే అలవాటు తగ్గితే రాత్రికి కొంత మేలంది. ఆమె చూసుకుంది. పైపళ్ళూ కిందపళ్ళూ కరుచుకుని ఉన్నాయి. వదిలింది. ఆయన ఇంకో మాట అన్నాడు. మళ్ళీ కరుచుకున్నాయి. ఆ ఒక్క ఫోను పదిహేడు నిమిషాలు నడిచింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి ముద్ద పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదు. రెండు వేళ్ళు పట్టేంత తెరుచుకుని అక్కడ ఆగిపోయింది. చెవి పక్కన కీలు టక్కుమంది. పూర్తిగా బిగుసుకుపోతే ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నోరుంటేనే ఆమెకి జీతం.

ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. వర్క్‌రూమ్ తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. అది ఆ ఇంటి చట్టం. మేస్త్రి మైనంలో పన్ను ఆకారం చెక్కేటప్పుడు చెయ్యి వెంట్రుకంత అదిరినా పని చెడుతుంది. అందుకని కూతురు పుట్టిన కొత్తలో, పిల్ల ఏడుపుకి రెండుసార్లు పని పాడయ్యాక, ఆ బల్బు పెట్టించాడు. అది వెలిగితే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పిల్ల పెద్దదైంది. బల్బు మాత్రం అలాగే ఉంది. ఆరింటికి వెలిగితే తొమ్మిదిదాకా ఆరదు. ఆరాక ఆయన అన్నం తింటూనే నిద్రకి తూగుతాడు.

తల్లీ కూతుళ్ళు సైగలతోనే కాపురం చేయడం నేర్చుకున్నారు. కూతురు చెంప మీద చెయ్యి పెట్టుకుని కళ్ళెగరేసింది, నొప్పా అని. తల్లి చెయ్యి ఊపింది, ఫరవాలేదని. కూతురు నమ్మలేదు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి తెచ్చి తల్లి దవడకి అదిమింది. స్నానం చేశావా అని అడిగినవాడి సంగతి ఎవరికైనా చెప్పి నవ్వేస్తే సగం పోయేది. తలుపు మీద బల్బు ఎర్రగా చూస్తోంది. ఆమె ఆ సంగతి కూడా లోపలికే మింగింది.

సుత్తి ఉంటేగానీ విరగదన్న ఆ ప్లేటు సరిగ్గా పంతొమ్మిదో ఉదయానికి రెండు ముక్కలైంది. నిద్ర లేచేసరికి ఒక ముక్క నాలుక కింద ఉంది, ఇంకోటి దిండు మీద ఉంది. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు.

"కుడి కింది దవడలో చివరి పన్నుకి బీట పడుతోందమ్మా," అంది డాక్టరమ్మ ముక్కలు చూసి. "దాని పక్కన క్యాపు ఉన్నది సరే, ఇది మాత్రం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. పని వేరేవాళ్ళకి ఇస్తానన్నాను గానీ, ఇంకొక్కసారి మీ ఆయన చేతే కింది పళ్ళకి ప్లేటు చేయిద్దాం. ఇంతవరకూ పై పళ్ళకే కదా చేశాం, కిందది పూర్తి అచ్చు తీయలేదు."

"ప్లేటు వేస్తే తగ్గుతుందా డాక్టరుగారూ?"

"ప్లేటు పళ్ళని కాపాడుతుంది. నూరడాన్ని ఆపదు. నిద్ర చూసుకోవాలి, సాయంత్రం టీలు మానాలి, దవడకి వ్యాయామం చేయాలి, చెప్పినవన్నీ చేస్తున్నారు. కానీ లోపల దాచుకున్నదేదో ఉంటే దానికి నా దగ్గర సామానేమీ లేదు. ఆయనకి చెప్పండమ్మా. ఆయనకి చెప్పకుండా ఆయన చేతే ప్లేట్లు చేయించడం నాకే ఇబ్బందిగా ఉంది."

కింది దవడకి కొలత పిండి పెట్టి బిగించినప్పుడు ఆమెకి గుర్తొచ్చింది. ఆ క్యాపు మేస్త్రి చేసిందే. పద్నాలుగేళ్ళ కిందట, ఇంటికి దూరంగా ఇంకో డాక్టరు దగ్గర వేయించింది. తను చేసే ప్రతి క్యాపుకీ నాలుకవైపు, చిగుళ్ళ అంచున, వెంట్రుకంత గీత పెట్టడం ఆయన అలవాటు. అది ఆయన సంతకం. ఆమె క్యాపుకి మాత్రం రెండు గీతలు పెట్టాడు. "ఒకటి నాది, ఒకటి నీది. ఇలాంటిది ఇంకెవరికీ చెయ్యను," అని ఆ రోజు అద్దం పెట్టి మరీ చూపించాడు. ఆ రోజుల్లో ఆయన ఆమె నోట్లోకి చూసేవాడు.

మర్నాడు ఆ కొలత మేస్త్రి చేతికొచ్చింది, దాంతోపాటు విరిగిన ముక్కలు. ఆ మర్నాడు టిఫిన్ దగ్గరికి వచ్చేటప్పుడు ఆయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది. ఒక చేతిలో అచ్చు, ఇంకో చేతిలో చీటీ ఉన్నాయి.

"విరగ్గొట్టేశాడు. రెట్టింపు మందం. ముప్పై ఏళ్ళలో ఇంత మందం ప్లేటు ఒక్కటి కూడా ఇలా తిరిగి రాలేదు. నా పరువు తీయడానికే పుట్టాడు వీడు. డాక్టరమ్మకి చీటీ రాశాను, వినండి." గొంతు సవరించుకుని చదివాడు. "ప్లేటులో లోపం లేదు. లోపం రోగిలో ఉంది. ఈ రోగికి కావలసింది ప్లేటు కాదు, మూతికి చిక్కం."

కూతురు చేతిలో చెంచా కంచంలో పడింది. "నాన్నా, ఆ చీటీ పంపొద్దు."

"ఎందుకు పంపను? ఉన్నమాటేగా రాసింది."

"పంపొద్దంటున్నానుగా."

"వీడు నీ క్లాసుమేటా ఏమిటి, ఓ వెనకేసుకొస్తున్నావు?" అని ఆయన కూర్చున్నాడు. కోపమెంత ఉన్నా చేతిలో అచ్చు ఉంటే చదవకుండా ఉండలేడు. భూతద్దం కళ్ళ మీదికి దించుకుని కింది దవడని తిప్పాడు. "కింద కూడా అంతే, పొలం దున్నినట్టు... ఆగు. ఇక్కడ ఒక క్యాపుంది. అబ్బ. ఇది చూడండి. ఎవడు చేశాడో గానీ పనిమంతుడు. వీడు ఇంత నూరినా అంచు చెక్కుచెదరలేదు. ఈ రోజుల్లో ఇలాంటి పని చేసేవాళ్ళేరీ? లోపలివైపు చూద్దాం. ఓహో, మన గీతే. నేనే చేశానన్నమాట. చెప్పలా? దాని కిందే ఇంకో..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన భూతద్దం తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గీతలు నిజంగానే రెండున్నాయి. అచ్చు పట్టుకున్న చెయ్యి, వెంట్రుకంత కూడా అదరకూడని చెయ్యి, వణకడం కూతురు చూసింది.

"ఇది..." అన్నాడు.

"అవును," అంది భార్య. "ఆ మహానుభావుడు నేనే."

మేస్త్రి అచ్చు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ అచ్చు వైపు చూశాడు. భార్య పళ్ళని గుర్తుపట్టలేదు, తన చేతిపనిని గుర్తుపట్టాడు. ఆ తేడా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. దాన్ని కప్పుకోవడానికి మగవాళ్ళు సాధారణంగా చేసే పనే ఆయనా చేశాడు, కోపం తెచ్చుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు? నేను చేసే పనే ఇది. నా ఇంట్లో మనిషి నాకు తెలియకుండా డాక్టరు దగ్గరికి దొంగలా వెళ్ళడమేమిటి? ఆవిడ నా గురించి ఏమనుకుంటుంది?"

"చెప్పాను. రెండేళ్ళ కిందట. నోరు తక్కువ వాడమన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"తలెత్తకుండా అన్నారు. అందుకే గుర్తులేదు."

"ఏదో వేళాకోళానికి అనుంటాను. దాన్ని పట్టుకుని రెండేళ్ళు..."

"వేళాకోళమే. నాకూ తెలుసు." ఆమె గొంతు పెరగలేదు. పెంచడం ఎప్పుడో మరిచిపోయింది. "నోరు వాడటానికే నాకు జీతమిస్తారు. నా మాటలు చెప్పుకోవడానికి కాదు, పక్కవాళ్ళ తిట్లకి జవాబు చెప్పడానికి. అక్కడ నా మాట ఒక్కటి కూడా మాట్లాడకూడదు. ఇంటికొస్తే ఎర్ర లైటు. అది ఆరేసరికి మీకు నిద్ర. నేను మాట్లాడుకునేది ఎప్పుడండీ? నిద్రలో తప్ప నాకు టైమేది?"

"లైటు నా సరదా కోసం పెట్టానా? ఆ పనితోనే కదా ఇల్లు గడిచింది. మైనం పగిలితే మళ్ళీ మొదటికొస్తుందని నీకు తెలియదా?"

"తెలుసు. అందుకే ఇన్నేళ్ళలో అది వెలుగుతుంటే ఒక్కసారి కూడా మిమ్మల్ని పిలవలేదు. ఒక్కసారి పిలిచానేమో చెప్పండి."

ఆయన ఆలోచించాడు. "లేదు."

"మా అమ్మ పోయిన రోజు కూడా పిలవలేదు."

"అదేమిటి? ఆ రోజు తొమ్మిదింటికి ఫోనొచ్చిందన్నావుగా. వెంటనే బయల్దేరాం కదా."

"ఏడున్నరకి వచ్చింది. లైటు వెలుగుతోంది. తలుపు దగ్గరికి వచ్చాను, చెయ్యి ఎత్తాను. మీరు లోపల ఊపిరి బిగబట్టి చెక్కుతున్నారు, తలుపు సందులోంచి నాకు కనబడుతూనే ఉంది. కొట్టలేకపోయాను. గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాను. గంటన్నర. చప్పుడు కాకుండా ఏడ్చాను. లైటు ఆరాక లేచి వచ్చి ఇప్పుడే ఫోనొచ్చిందని చెప్పాను."

ఆ సంగతి కూతురికి కూడా తెలియదు.

"ఎందుకలా చేశావు?" మేస్త్రి గొంతులో కోపం లేదు. "తలుపు కొడితే నేనేమన్నా అంటానా? మీ అమ్మ పోతే కూడా?"

"అనరు. నాకిప్పుడు తెలుస్తోంది అనరని. అప్పుడు తెలియలేదు. అంత అలవాటైపోయింది నాకు." ఆమె చెంప పట్టుకుంది. అంతసేపు మాట్లాడేసరికి కీలు టక్కుమని పట్టేసింది. కళ్ళలో నీళ్ళు నొప్పికో, దేనికో తెలియలేదు. బ్యాగు భుజాన వేసుకుని, టేబుల్ మీది చీటీ తీసి మడతపెట్టి అందులో పెట్టుకుంది. "దీన్ని డాక్టరమ్మకి మీరు పంపక్కర్లేదు. అందవలసినవాళ్ళకి అందింది."

ఆమె వెళ్ళాక మేస్త్రి చాలాసేపు అచ్చు ముందు కూర్చున్నాడు. కూతురు కాలేజీకి వెళ్ళకుండా గిన్నెలు తోముతోంది. ప్రతి గిన్నెనీ అవసరమైన దానికన్నా గట్టిగా పెడుతోంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండేళ్ళు. గోడ అవతల్నించి వినపడుతుంది నాన్నా. మొదట్లో నీ మిషను ఆపడం మర్చిపోయావనుకుని రెండుసార్లు లేచి వచ్చి చూశాను. పరీక్షలప్పుడు అమ్మ చప్పుడుకి నిద్ర పట్టక అమ్మ మీదే విసుక్కున్నాను." గిన్నె పెట్టేసి చేతులు తుడుచుకుంది. "నువ్వు మహానుభావుడు అన్నప్పుడల్లా అమ్మ మొహం చూసేదాన్ని. నువ్వొక్కసారి చూస్తే తెలిసిపోయేది. అక్కడే ఉందిగా, ఎదురుగా."

ఆ రోజు వర్క్‌రూమ్ తలుపు తీసే ఉంది, ఎర్ర లైటు వెలగలేదు. అయినా సాయంత్రం ఇల్లు నిశ్శబ్దంగానే ఉంది. అలవాటు స్విచ్చి నొక్కితే ఆరేది కాదు. ఆమె వచ్చి, తిని, దవడకి వేడిగుడ్డ పెట్టుకుని పడుకుంది. మేస్త్రి బిరడాలు సొరుగులోనే వదిలేసి వచ్చి పక్కన పడుకున్నాడు.

ఆ రాత్రి విన్నాడు. మొదట ఎండు రాయి మీద తన మిషనే తిరుగుతోందనుకున్నాడు. తర్వాత అది దిండు మీంచి వస్తోందని తెలిసింది. ఎవడైనా పారిపోవలసిందే అన్నాడు కదా, పారిపోలేకపోయాడు. మెల్లిగా అరచేయి ఆమె చెంప మీద ఆనించాడు. కండ రాయిలా ఉంది. కొంచెం వదిలేది, మళ్ళీ బిగుసుకునేది. మనిషి నిద్రలో ఇంత కష్టపడుతుందని ఆయనకి తెలియదు. ప్లాస్టరులో అరుగుదల కనబడుతుంది గానీ అరిగే చప్పుడు వినబడదు.

తెల్లవారాక ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి టేబుల్ మీద అచ్చు లేదు. దాని చోట ఎర్ర బల్బు ఉంది, హోల్డరుతో సహా ఊడదీసింది. మేస్త్రి కళ్ళు వాచి ఉన్నాయి. మూడు కప్పుల్లో టీ పోసి ఉంది, సగం సాసర్లలోకి ఒలికి ఉంది.

"ఇదేమిటి?"

"ఇంక దాంతో పని లేదు. తలుపేసుకుంటే చాలు. మీరు మాట్లాడుకోండి. కావలసినప్పుడు తలుపు కొట్టు. మైనం పగిలితే మళ్ళీ చెక్కుకుంటాను." ఆయన కుర్చీ లాగాడు. "కూర్చో. ఆఫీసుకి ఎంత టైముంది?"

"ఇరవై నిమిషాలు."

"చెప్పు."

"ఏం చెప్పను?"

"నాకు చెప్పాలనుకుని చెప్పనివి. ఎక్కడినుంచైనా మొదలుపెట్టు."

ఆమెకి నవ్వొచ్చింది. దవడ నొప్పికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఫిర్యాదులు తీసుకోవడం అంత తేలిక కాదండీ. మాకు రూళ్ళుంటాయి. గొంతు పెంచకూడదు. మధ్యలో అడ్డు రాకూడదు. అవతలివాళ్ళు పెట్టేదాకా ఫోను మనం పెట్టకూడదు."

"సరే. నేను ముందు లేవను."

ఆమె మొదలుపెట్టింది. ఎక్కడో చిన్న సంగతి దగ్గర, తను స్నానం చేసిందా లేదా అని అడిగినాయన దగ్గర మొదలుపెట్టింది. మేస్త్రికి పౌరుషం వచ్చి, "వాడి నంబరివ్వు, నేను మాట్లాడతాను," అనబోయాడు. కూతురు పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. నోరు మూసుకున్నాడు. అక్కడినుంచి ఆమె మాట దవడ దగ్గరికి వచ్చింది, చిక్కం దగ్గరికి వచ్చింది, వాళ్ళమ్మ దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మ చివరి ఫోనులో ఏమందో ఏడేళ్ళ తర్వాత మొదటిసారి ఇంట్లో చెప్పింది. మధ్యలో క్లినిక్కు మనిషి వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టాడు. మేస్త్రి లేవలేదు. కూతురు వెళ్ళి, మధ్యాహ్నం రమ్మని చెప్పి వచ్చింది. మేస్త్రి కళ్ళలోంచి నీళ్ళు కారి టీలో పడుతున్నాయి. తుడుచుకుంటే అడ్డు వచ్చినట్టవుతుందేమోనని తుడుచుకోలేదు.

"ఆ అచ్చు మీరు గుర్తుపట్టాలని నాకుండేది," అంది ఆమె. "ప్రతిసారీ చూసేదాన్ని, ఈసారైనా గుర్తుపడతారేమోనని."

"నేను పళ్ళు చూశాను. నిన్ను చూడలేదు," అన్నాడాయన. "తప్పయింది నాది. కింది ప్లేటు ఇవాళే మొదలుపెడతాను. నీ నోరు చూసి చేస్తాను, అచ్చు చూసి కాదు. విరిగితే మళ్ళీ చేస్తాను. ఎన్నిసార్లు విరిగినా చేస్తాను."

గోడ గడియారం చూసి కూతురు లేచింది. "అమ్మా, టైము దాటిపోయింది. బస్సు వెళ్ళిపోయి ఉంటుంది."

ఆమె బ్యాగు కోసం చెయ్యి చాచింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, బ్యాగులోంచి ఫోను మాత్రం తీసి, ఆఫీసు సూపర్‌వైజరుకి చేసింది.

"ఇవాళ ఒక గంట ఆలస్యంగా వస్తానండీ," అంది.

అవతలి గొంతు పెరగడం టేబుల్ దగ్గర ముగ్గురికీ వినపడింది. అలా ఎలా కుదురుతుంది, అసలే ఇవాళ ఫోన్లు ఎక్కువ, ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు అని మొదలైంది. ఆమె పళ్ళు విడిగా ఉన్నాయో లేదో చూసుకుంది. విడిగానే ఉన్నాయి. ఆ గొంతు ఇంకా మాట్లాడుతూండగానే ఫోను పెట్టేసింది.

తర్వాత చల్లారిపోయిన టీ పక్కకి జరిపి, కుర్చీ మొగుడి వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఎక్కడున్నాం?" అంది.